డబుల్ మార్కర్‌లో ‘హై రిస్క్ 1:180’ అని వచ్చింది, ఉమ్మనీరు పరీక్ష చేయించుకోవాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, మొదటి కాన్పు. 12 వారాల 1 రోజున డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేయించుకున్నాను. రిపోర్టులో డౌన్ సిండ్రోమ్ రిస్క్ 1:180, హై రిస్క్ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. రెండు రోజుల తర్వాత వేరే చోట తీయించిన స్కాన్‌లో ఎన్‌టీ (బిడ్డ మెడ వెనక నీటిపొర మందం) 1.6 మిల్లీమీటర్లు, సీఆర్‌ఎల్ (బిడ్డ పొడవు) 60, ముక్కు ఎముక కనిపించింది అని రాశారు. మా ఇద్దరి వైపూ ఎవరికీ ఇలాంటిది లేదు. మావారు వెంటనే ఉమ్మనీరు పరీక్ష చేయిద్దాం అంటున్నారు. సూది వేస్తే కడుపు పోతుంది, వద్దని మా అత్తయ్య అంటున్నారు. ఎన్‌ఐపీటీ అనే రక్తపరీక్ష చాలని ఇంకొందరు. ఐదో నెల స్కాన్ దాకా ఆగితే సరిపోదా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు:

ముందు ఆ ఎర్ర అక్షరాలు వదిలేసి పక్కనున్న అంకె చూడండి. 1:180 అంటే, ఇలాంటి రిపోర్టే వచ్చిన 180 మంది గర్భిణులను ఒక హాల్లో కూర్చోబెడితే వాళ్లలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది, మిగతా 179 మంది బిడ్డలకు ఉండదు. నూటికి లెక్కేస్తే అర శాతం కన్నా కాస్త ఎక్కువ. ఇరవై ఏళ్లకు పైగా గర్భిణులకు స్కాన్లు చేస్తున్నాను. ఈ కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చేవాళ్లలో చాలామంది ‘హై రిస్క్’ అన్న మాటను ‘బిడ్డకు ఉంది’ అనే చదువుకుని వస్తారు. తప్పు వాళ్లది కాదు, ఆ కాగితం రాసే తీరే అలా ఉంది.

ఆ ఎరుపు ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. ల్యాబ్ కంప్యూటర్‌లో ఒక గీత గీసి పెట్టుకుంటారు. కొన్నిచోట్ల అది 1:250, కొన్నిచోట్ల 1:300, బ్రిటన్ ప్రభుత్వ స్క్రీనింగ్‌లో 1:150. రిస్క్ ఆ గీత దాటితే హై, దాటకపోతే లో. గీత 150 దగ్గర ఉన్న చోట మీ రిపోర్టు ముద్రించి ఉంటే, అదే రక్తానికి, అదే 1:180కి, లో రిస్క్ అని వచ్చేది. మీరు హాయిగా నిద్రపోయేవారు. గీత 250 అయితే 1:240 వచ్చినావిడ ఏడుస్తుంది, 1:260 వచ్చినావిడ స్వీట్లు పంచుతుంది. ఇద్దరి కడుపులో బిడ్డల సంగతి దాదాపు ఒక్కటే.

అలాగని కొట్టిపారేయమనడం లేదు. 29 ఏళ్ల వయసుకు ఏ పరీక్షా చేయకముందే ఉండే రిస్క్ సుమారు వెయ్యికి ఒకటి. మీకు 180కి ఒకటి అని వచ్చిందంటే ఐదారు రెట్లు పెరిగినట్టు. దీన్ని పట్టించుకోవాలి. అయితే అది మొదలవ్వాల్సింది సూదితో కాదు, ఒక చిన్న లెక్కతో.

మీరు రాసిన తేదీలు చూశాక నాకొక అనుమానం వచ్చింది. రక్తం 12 వారాల 1 రోజున ఇచ్చారు. స్కాన్ రెండు రోజుల తర్వాత, అదీ వేరే చోట. అంటే ల్యాబ్‌వాళ్లు రిస్క్ కట్టేనాటికి ఎన్‌టీ కొలత వాళ్ల దగ్గర లేకపోయి ఉండాలి. రిపోర్టు రెండో పేజీ తిప్పి చూడండి. మామూలుగా అందులో మూడు నాలుగు వరుసలు ఉంటాయి. వయసును బట్టి రిస్క్ ఒకటి, రక్తాన్ని బట్టి కట్టే బయోకెమికల్ రిస్క్ ఒకటి, ఎన్‌టీతో కలిపిన కంబైన్డ్ రిస్క్ ఇంకొకటి, ఆ కింద 18, 13 క్రోమోజోములవి. మీ 1:180 బయోకెమికల్ అన్న వరుసలో ఉండి, ఎన్‌టీ అన్నచోట ఖాళీ ఉంటే మీ చేతిలో ఉన్నది సగం పరీక్షే.

సగం అని ఊరికే అనడం లేదు. రక్తం, వయసు మాత్రమే చూస్తే డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో నూటికి 60 నుంచి 65 దాకా పట్టుబడతాయి. వయసు, రక్తం, ఎన్‌టీ మూడూ కలిపి కడితే 85 నుంచి 90 దాకా దొరుకుతాయి. రెండింట్లోనూ, బిడ్డ బాగానే ఉన్నా నూటికి ఐదుగురు తల్లులకు హై రిస్క్ వస్తూనే ఉంటుంది. తప్పుడు అలారం అంతే మోగుతున్నప్పుడు, ఎక్కువ పట్టుకునే పరీక్షను వదిలి తక్కువ పట్టుకునేదాన్ని నమ్ముకోవడంలో అర్థం లేదు.

ఎన్‌టీ అంటే ఏమిటో ఒక మాట. 1866లో జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే డాక్టరు ఈ స్థితిని వర్ణిస్తూ, ఈ పిల్లల చర్మం ఒంటికి మించి వదులుగా ఉన్నట్టు కనిపిస్తుందని రాశాడు. ఆయన పేరు మీదే దీన్ని డౌన్ సిండ్రోమ్ అంటున్నాం. కణంలో 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉండటమే కారణమని 1959లో గానీ తెలియలేదు. డౌన్ చూసిన ఆ వదులు చర్మమే మూడో నెలలో బిడ్డ మెడ వెనక సన్నటి నీటిపొరగా స్కాన్‌లో కనిపిస్తుంది. దాని మందమే ఎన్‌టీ. ఆ మందానికీ క్రోమోజోముల తేడాకూ సంబంధం ఉందని 1992లో లండన్‌లో కిప్రోస్ నికొలైడిస్ బృందం చూపించాక ఇది స్క్రీనింగ్‌లోకి వచ్చింది. బిడ్డ తల నుంచి పిర్రల దాకా పొడవు, అంటే సీఆర్‌ఎల్, 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడే దీన్ని కొలవాలి. వారాల్లో చెప్పాలంటే 11 నుంచి 13 వారాల 6 రోజుల దాకా. ఆ తర్వాత ఆ నీరు ఇంకిపోతుంది, కొలిచినా లాభం లేదు.

ఈ కొలత మిల్లీమీటరులో పదో వంతుల్లో ఉంటుంది కాబట్టి ఎవరు, ఎలా కొలిచారన్నది చాలా ముఖ్యం. బిడ్డ పక్కనుంచి కనిపిస్తూ, ముక్కు పైకి ఉండేలా పడుకోవాలి. గడ్డం గుండెకు ఆనించి ముడుచుకుంటే కొలత తగ్గుతుంది, మెడ వెనక్కి వాలిస్తే పెరుగుతుంది. తల, ఛాతీ తప్ప ఇంకేమీ కనిపించనంత పెద్దగా బొమ్మను జూమ్ చేయాలి. అక్కడే ఇంకో తంటా ఉంది. ఆ వయసులో బిడ్డ వీపు వెనక ఉమ్మనీటి పొర కూడా అచ్చం చర్మంలాగే సన్నటి తెల్లగీతలా ఉంటుంది. దాన్ని చర్మం అనుకుని కొలిస్తే 1.6 కాస్తా 4 అయి కూర్చుంటుంది. అందుకే తల్లిని ఒకసారి దగ్గమంటాం, లేదా పొట్ట మీద ప్రోబ్‌తో చిన్నగా తడతాం. బిడ్డ ఎగిరి పడుతుంది. బిడ్డతో పాటు కదిలిన గీత చర్మం, కదలకుండా ఉండిపోయింది పొర. ఒక్కోసారి బిడ్డ మొండికేస్తే తల్లిని బయట పది నిమిషాలు నడిచి రమ్మంటాం. మీ స్కాన్ ఐదు నిమిషాల్లో అయిపోయిందా, అరగంట పట్టిందా గుర్తు చేసుకోండి. ఆలస్యం చేసిన డాక్టరును తిట్టుకోకండి.

రక్తంలో చూసేవి రెండు. పాప్-ఏ, ఫ్రీ బీటా హెచ్‌సీజీ. రెండూ మాయ నుంచి వచ్చేవే. డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో సగటున పాప్-ఏ ఉండాల్సినదాంట్లో సగం ఉంటుంది, బీటా హెచ్‌సీజీ రెట్టింపు దాకా ఉంటుంది. రిపోర్టులో ఎంఓఎం అని రాసేది ఇదే, అన్ని రోజుల గర్భానికి మామూలుగా ఉండే విలువకు మీది ఎన్నో వంతు అని. 1 అంటే సరిగ్గా మధ్యలో ఉన్నట్టు.

గర్భం వయసు ఒక్కటి తప్పు పడితే ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఈ వారాల్లో పాప్-ఏ రోజురోజుకీ పెరుగుతుంది, బీటా హెచ్‌సీజీ తగ్గుతూ పోతుంది. గర్భం నిజంగా 12 వారాలే ఉండి ల్యాబ్‌లో 13 అని ఎక్కిస్తే, మీ పాప్-ఏ తక్కువగానూ హెచ్‌సీజీ ఎక్కువగానూ కనిపిస్తాయి. అంటే సరిగ్గా డౌన్ సిండ్రోమ్‌లో కనిపించే బొమ్మే. కొన్నేళ్ల కిందట ఒకావిడ 1:140 కాగితంతో వచ్చింది. అప్పటికే రెండు చోట్ల ఆమ్నియో, అంటే ఉమ్మనీరు పరీక్ష, తప్పదన్నారట. ఆమెకు నెలసరి 38, 40 రోజులకోసారి వస్తుంది. ల్యాబ్‌వాళ్లు ఆఖరి నెలసరి తేదీ పట్టుకుని 13 వారాల 2 రోజులు అని లెక్కేశారు. స్కాన్‌లో బిడ్డ పొడవు 58 మిల్లీమీటర్లే, అంటే 12 వారాల 2 రోజులు. స్కాన్ కొలతతో మళ్లీ కట్టిస్తే రిస్క్ వెయ్యికి ఒకటి కన్నా కిందకు దిగిపోయింది. కొత్త రక్తం తీయలేదు, కొత్త పరీక్ష చేయలేదు, ఒక తేదీ దిద్దాం. ఆవిడ పదకొండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని భర్త చెప్పాడు. ఇప్పటికీ ఎవరి రిపోర్టు చూసినా నా వేలు ముందు ఆ తేదీ గడి మీదికే పోతుంది.

కాబట్టి మీరూ ఆ కాగితంలో ఎక్కించిన వివరాలు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. పుట్టిన తేదీ, బరువు (రక్తం ఇచ్చిన రోజుది, పెళ్లినాటిది కాదు), రక్తం తీసిన తేదీ, షుగర్, సిగరెట్ అలవాటు, కవలలా ఒక్కరా. ఐవీఎఫ్ అయితే ఆ సంగతి, ఇంకొకరి అండం తీసుకుంటే అండం ఇచ్చినావిడ వయసు, ఫ్రీజ్ చేసిన పిండమైతే అండాలు తీసిన నాటి వయసు. 41 ఏళ్లావిడ 27 ఏళ్ల దాత అండంతో గర్భం దాల్చినప్పుడు 41 అని ఎక్కిస్తే ఏ రిపోర్టు అయినా ఎర్రగానే వస్తుంది.

వివరాలన్నీ సరిగ్గా ఉంటే, మీ రక్తం విలువలకు ఎన్‌టీ 1.6, సీఆర్‌ఎల్ 60, ముక్కు ఎముక వివరం కలిపి రిస్క్ మళ్లీ కట్టించండి. ఆ ల్యాబే కట్టవచ్చు. లేదంటే కడుపులో బిడ్డ సంగతి చూసే ఫీటల్ మెడిసిన్ డాక్టరు దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఎన్‌టీ కొలిచినవాళ్లకు ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ సర్టిఫికెట్ ఉందేమో అడగడంలో తప్పేమీ లేదు, అడిగితే మేమేం అనుకోం. మీ బిడ్డ పొడవుకు 1.6 మామూలు కొలతే, ముక్కు ఎముక కనిపించడం కూడా మంచి గుర్తు. అందుకని కంబైన్డ్ రిస్క్ 1:180 కన్నా తగ్గడానికే ఎక్కువ అవకాశం. ఎంతకు తగ్గుతుందో మాత్రం నేను నోటి లెక్కన చెప్పను. ‘ఎన్‌టీ నార్మలే కదా, రక్తం రిపోర్టు చింపేయండి’ అని ఎవరైనా అంటే అదీ వినకండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లోనూ కొందరికి ఎన్‌టీ మామూలుగానే ఉంటుంది.

ఇక ఎన్‌ఐపీటీ. గర్భిణి రక్తంలో మాయ నుంచి రాలిన డీఎన్‌ఏ ముక్కలు తేలుతూ ఉంటాయని 1997లో డెన్నిస్ లో (‘లో’ ఇంటిపేరు) అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టింది. 2011 నుంచి అది మామూలు పరీక్షగా అందుబాటులోకి వచ్చింది. 10 వారాలు దాటితే చేయవచ్చు. ఇది ఎలా పనిచేస్తుందంటే, మీ రక్తంలో తేలే డీఎన్‌ఏలో పదో వంతు బిడ్డ వైపుది అనుకోండి. 21వ క్రోమోజోము ముక్కలు 100 రావాల్సిన చోట, బిడ్డకు ఆ క్రోమోజోము మూడు ఉంటే 105 వస్తాయి. ఆ ఐదు ఎక్కువ వచ్చాయా లేదా అని లక్షల ముక్కలు లెక్కపెట్టి చూస్తారు. బిడ్డ వంతు నూటికి నాలుగే ఉంటే ఆ తేడా 100కి 102 అవుతుంది. అంతకన్నా తగ్గితే తేడా పట్టుకోవడం కష్టం, అప్పుడు ‘రిజల్ట్ రాలేదు’ అని పంపిస్తారు. గర్భిణి బరువు బాగా ఎక్కువున్నా, మరీ తొందరగా రక్తం ఇచ్చినా ఇలా అవుతుంది. బిడ్డకు ఏదో ఉందని కాదు, కానీ రెండోసారీ రాకపోతే డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి.

డౌన్ సిండ్రోమ్ విషయంలో ఎన్‌ఐపీటీ నూటికి 99 దాకా పట్టుకుంటుంది, తప్పుడు అలారం వెయ్యికి ఒకటి దాకా. మీ అంకెకే లెక్క వేద్దాం. మీలాంటి 1:180 ఉన్నవాళ్లు 18,000 మంది అనుకోండి. వాళ్లలో 100 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. ఎన్‌ఐపీటీ 99 మందిని పట్టుకుని ఒకరిని వదిలేస్తుంది. బాగున్న 17,900 మందిలో 18 మందికి ఉందని తప్పుగా చెప్తుంది. అంటే ఎన్‌ఐపీటీలో లేదని వస్తే మీ రిస్క్ 180కి ఒకటి నుంచి సుమారు 18,000కి ఒకటికి దిగుతుంది. ఉందని వస్తే 117 మందిలో 99 మందికి నిజం, నూటికి 85. అదే ముందు రిస్క్ వెయ్యికి ఒకటే ఉన్న గర్భిణికి ఉందని వస్తే అది నిజమయ్యే అవకాశం సగమే. పరీక్ష ఒకటే, చేసే యంత్రం ఒకటే. ‘99 శాతం ఖచ్చితం’ అని కరపత్రం మీద రాసే ముక్క ఈ సంగతి చెప్పదు.

అందుకే ఒక మాట గట్టిగా చెప్తున్నాను. ఎన్‌ఐపీటీలో ఉందని వచ్చినా ఆ ఒక్క కాగితం చూసి గర్భం తీయించుకునే నిర్ణయం ఎవరూ తీసుకోకూడదు. అది చూసేది మాయ డీఎన్‌ఏని, బిడ్డది కాదు. అరుదుగా మాయలో తేడా ఉండి బిడ్డ బాగానే ఉంటుంది. మొదట కవలలై ఒక పిండం తొలి వారాల్లోనే ఆగిపోయినా దాని డీఎన్‌ఏ కొంతకాలం రక్తంలో తేలుతూ లెక్క చెడగొడుతుంది. ఉందో లేదో తేల్చి చెప్పేవి రెండే: మాయ ముక్క తీసే సీవీఎస్, ఉమ్మనీరు తీసే ఆమ్నియో.

మీ అత్తయ్య భయం గురించి. ఆవిడ అన్నది గాలి మాట కాదు. 1986లో డెన్మార్క్‌లో ఆమ్నియో చేయించుకున్నవాళ్లనూ చేయించుకోనివాళ్లనూ పోల్చి చూస్తే, నూటికి ఒకరికి అదనంగా గర్భస్రావం అయింది. ఆ ఒక శాతమే దశాబ్దాల పాటు అందరి నోళ్లలో నానింది. ఇప్పుడు స్కాన్‌లో సూదిమొనను కళ్లారా చూస్తూ, అలవాటైన చేతులతో చేస్తే ఆ అదనపు రిస్క్ అర శాతం కన్నా తక్కువే. సున్నా మాత్రం కాదు. చేసే విధానం ఇంతే. పొట్ట శుభ్రం చేసి, బిడ్డకు, బొడ్డుతాడుకు దూరంగా ఉన్న నీటి మడుగు వెతికి, సన్నటి పొడవాటి సూదితో 15, 20 మిల్లీలీటర్లు తీస్తాం. లేత గడ్డిరంగు నీళ్లు సిరంజిలోకి రావడం కనిపిస్తుంది. సూది లోపలుండేది ఒకటి రెండు నిమిషాలు. తీసిన నీరు మళ్లీ ఊరుతుంది. ఇంజెక్షన్ కన్నా నొప్పి ఎక్కువేం కాదని చాలామంది చెప్తారు, కాకపోతే పొట్ట పట్టేసినట్టుంటుంది. మీది నెగటివ్ గ్రూపు రక్తమైతే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి ముందే చెప్పాలి. 21, 18, 13 క్రోమోజోముల సంగతి రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది, పూర్తి క్రోమోజోముల రిపోర్టుకు రెండు మూడు వారాలు.

ఆమ్నియో 15 వారాలు నిండాకే చేయాలి. సీవీఎస్ 11 నుంచి 14 వారాల మధ్య అవుతుంది. మీవారు తొందర పడుతున్నారు గానీ, ఉమ్మనీరు పరీక్షకు మీకింకా రెండు వారాలకు పైగా సమయం ఉంది. ఈలోపు లెక్క సరిచేసుకుని, కావాలనుకుంటే ఎన్‌ఐపీటీ రిపోర్టు కూడా చేతికి తెచ్చుకోవచ్చు. ఏదీ ఆలస్యం కాదు.

మళ్లీ కట్టిన రిస్క్ ఎలా వస్తే ఏం చేయాలంటే, నేనైతే ఇలా చెప్తాను. రిస్క్ 1:50 కన్నా ఎక్కువ (1:40, 1:20 లాగా) వస్తే నేరుగా సూది పరీక్ష గురించి మాట్లాడదాం. 1:50కీ 1:1000కీ మధ్య వస్తే ఎన్‌ఐపీటీ చాలా మంచి దారి, చాలామంది ఫీటల్ మెడిసిన్ డాక్టర్లు నడిచే పద్ధతీ ఇదే. వెయ్యికి ఒకటి కన్నా తగ్గితే అక్కడితో ఆగిపోవచ్చు. ఎన్‌టీ 3.5 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే మాత్రం నేను ఎన్‌ఐపీటీతో సరిపెట్టను. అప్పుడు గుండె లోపాలు, ఎన్‌ఐపీటీకి దొరకని జన్యు తేడాలు కూడా వెతకాలి. మీకు ఆ సమస్య లేదు.

ఐదో నెల టిఫా స్కాన్ దాకా ఆగవచ్చా అని అడిగారు. టిఫా గుండె, వెన్ను, కిడ్నీలు చూడటానికి గొప్ప స్కాన్. డౌన్ సిండ్రోమ్‌ను మాత్రం అది నమ్మకంగా పట్టుకోలేదు. అలాంటి బిడ్డల్లో మూడో వంతు నుంచి సగం దాకా ఆ స్కాన్‌లో మామూలుగానే కనిపిస్తారు. టిఫా ఎలాగూ చేయించుకోవాలి, కానీ దీనికి బదులుగా కాదు. 15 వారాల తర్వాత చేసే క్వాడ్రపుల్ మార్కర్ కూడా ఇప్పుడు మీకు అక్కర్లేదు. డబుల్ మార్కర్ బాగాలేదని క్వాడ్రపుల్ చేయించి, రెండూ రెండు రకాలుగా వచ్చి, ఏది నమ్మాలో తెలియక వచ్చేవాళ్లు నెలకు ఇద్దరైనా కనిపిస్తారు.

ఇంట్లో ఎవరికీ లేదన్న మాట మనసుకు ధైర్యమే గానీ, ఈ లెక్కలో దానికి పెద్దగా చోటు లేదు. నూటికి 95 మందిలో ఇది వంశం నుంచి వచ్చేది కాదు. ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోముల జత విడిపోవాల్సింది విడిపోక జరిగేది. మూడు నాలుగు శాతంలో 21వ క్రోమోజోము ఇంకొకదానికి అతుక్కుని ఉంటుంది, అలాంటప్పుడే అమ్మానాన్నల క్రోమోజోములు చూస్తాం. వయసు పెరిగేకొద్దీ రిస్క్ పెరుగుతుంది, 35కి సుమారు 350కి ఒకటి, 40కి 100కి ఒకటి. అయినా పిల్లల్ని కనేవాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్లే కాబట్టి డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది 35 లోపు తల్లులకే పుడతారు. మీరు తిన్నదాని వల్లో, ఎక్కిన మెట్ల వల్లో, పడ్డ టెన్షన్ వల్లో ఇది రాదు. ఎవరైనా అలా అంటే ఈ పేరా చూపించండి.

మీరు అడగలేదు గానీ, రక్తం ఇచ్చే ముందే ఎవరో ఒకరు మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఉందని తేలితే ఏం చేస్తారు? దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. గర్భం కొనసాగించకూడదని అనుకునేవాళ్లున్నారు. ఏమొచ్చినా కంటామని, అయినా ముందే తెలిస్తే సిద్ధపడతామని పరీక్ష చేయించుకునేవాళ్లున్నారు. తెలుసుకోవాలనే లేదని స్క్రీనింగే వద్దన్నవాళ్లనూ చూశాను, వాళ్లకు నేను నచ్చజెప్పబోలేదు. ఏ పరీక్షా చెప్పలేనిది ఒకటుంది, ఆ బిడ్డ ఎలా పెరుగుతుందన్నది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది, దాంట్లో చాలావరకు ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. థైరాయిడ్, వినికిడి ఎప్పటికప్పుడు చూసుకోవాలి. నడక, మాట ఆలస్యమవుతాయి, చదువులో సాయం కావాలి. ఎంత సాయమన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మంచి వైద్యం అందే చోట సగటు ఆయుష్షు ఇప్పుడు 60 ఏళ్ల దగ్గరికి చేరింది. వీలైతే అలాంటి పిల్లలున్న ఒక ఇంటికి వెళ్లి గంటసేపు కూర్చుని రండి. ఈ మాట మీకోసం ఎంతో మీవారి కోసం అంతే.

పనిలో పని, పాప్-ఏ విలువ ఎంతో చూసుకోండి. 0.4 ఎంఓఎం కన్నా తక్కువుంటే డౌన్ సంగతి తేలిపోయాక కూడా ఆ అంకెను మర్చిపోకూడదు. మాయ కాస్త బలహీనంగా ఉండి ముందుముందు బిడ్డ బరువు తగ్గడం, తల్లికి బీపీ పెరగడం లాంటివి రావచ్చని అది ఇచ్చే సూచన. అలాంటివాళ్లలో కొందరికి 16 వారాల లోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతాం. మీ అంతట మీరు వేసుకోవద్దు, మీ డాక్టరును అడగండి.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డబుల్ మార్కర్ రిపోర్టు అన్ని పేజీలూ, ఎన్‌టీ స్కాన్ రిపోర్టుతో పాటు ఆ ప్రింటు తీసిన బొమ్మలూ, ఆఖరి నెలసరి తేదీ, అది ఎన్నిరోజులకోసారి వస్తుందో రాసుకుని తీసుకెళ్లండి. వీలుంటే మీవారితో పాటు అత్తయ్యనూ తీసుకెళ్లండి. సూది గురించి ఆవిడకున్న అనుమానాలు ఆవిడే డాక్టరును అడుగుతారు, మధ్యలో మీరు నలిగిపోనక్కర్లేదు. కంబైన్డ్ రిస్క్ ఎంత వచ్చిందో, ఎంఓఎం విలువలతో సహా ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.